ముడతపడిన ఆకు, తడిగా ఉన్న కుండీ: రాయగడలో ఒక సక్యులెంట్ కేసు

సక్యులెంట్లు, అంటే లావాటి ఆకుల్లో, కాండంలో నీరు దాచుకునే మొక్కలు, చచ్చిపోయాయని ఎవరు చెప్పినా వినేవాళ్ళ నోట వచ్చే మొదటి మాట, "నీళ్ళు ఎక్కువ పోసుంటారు". ఈ ఇంట్లో పోసిన నీళ్ళు చాలా తక్కువ. చెంచాతో కొలిచి పోసేవారు. అయినా వరసగా రెండు వానాకాలాలు మొక్కలు కుళ్ళిపోయాయి. ఎందుకు కుళ్ళాయో తేల్చుకోవడానికి చాలా విషయాలు విడివిడిగా చూడాల్సి వచ్చింది. ఒడిశా సరిహద్దున రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఉండే మనవాళ్ళు చాలామంది ఇదే ఇబ్బంది చెబుతుంటారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఆ ఇంటివాళ్ళను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

రాయగడలో ఒక అపార్టుమెంటు. మూడో అంతస్తు, దక్షిణం వైపు బాల్కనీ, పైన స్లాబు. మొక్కలు చూసుకునేది యాభై దాటిన ఇల్లాలు. పెరటి మొక్కలు ఆమెకు కొత్త కాదు. పుట్టింట్లో బీర, కాకర పాదులు పెట్టి కాయించిన చెయ్యి. సక్యులెంట్లు మాత్రం ఇదే మొదటిసారి. వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న కూతురు ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టి పంపింది. ఎచెవేరియాలు నాలుగు, హావర్థియాలు రెండు, ఒక జేడ్, ఒక గ్రాప్టోపెటలమ్. వీటితోపాటు ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న కలబంద, స్నేక్ ప్లాంటు. ఈ పాత రెండింటికీ ఏ జబ్బూ లేదు. ఆ సంగతి తర్వాత బాగా పనికొచ్చింది.

కొత్త మొక్కలన్నీ రంగు రంగుల పింగాణీ కప్పుల్లో ఉన్నాయి. సగం కప్పులకు అడుగున కన్నం లేదు. మట్టి మిశ్రమం ఆమే కలుపుకున్నారు: సగం కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి), సగం నాగావళి ఏటి ఇసక. చాలా వీడియోల్లో చెప్పేది ఇదే. "ఇసక కలిపితే నీళ్ళు నిలవవు" అన్న మాట నమ్మి చేశారు.

వచ్చిన సమస్య

నన్ను పిలిచింది జూలైలో, వానలు బాగా పట్టిన రోజుల్లో. ముందటి ఏడాది కొన్న ఎచెవేరియాలు ఆ వానాకాలమే పోయాయి. కూతురు మళ్ళీ పంపింది. ఇప్పుడు అవీ అదే దారి పట్టాయి.

"అడుగాకు ముడతలు పడిపోతంది బాబూ. దాహమేసిందేమోనని రెండ్రోజులకోసారి చెంచాడు నీళ్ళేస్తన్నాను. వేసిన కొద్దీ ఇంకా వాడిపోతంది" అన్నారు. పక్కింటి ఒడియా ఆవిడ కూడా "టికే టికే పాణి" (కొద్దికొద్దిగా నీళ్ళు) అని చెప్పారట. ఆ సలహాలోని జాగ్రత్త మంచిదే. ఇబ్బందల్లా చేతిలోని చెంచా మీద ఉన్న దృష్టి కుండీ మీద లేకపోవడమే.

నాలుగు ఎచెవేరియాల్లో రెండింటికి అడుగాకులు ముడతలు పడ్డాయి. ఒకదాని ఆకులు అద్దంలోంచి చూస్తున్నట్టు పారదర్శకంగా, పసుపుగా మారి తాకితే రాలిపోతున్నాయి. నాలుగోది సాగిపోయి, ఆకుకీ ఆకుకీ మధ్య కాండం కనబడుతోంది. హావర్థియాల రంగు తగ్గింది కానీ గట్టిగా ఉన్నాయి. జేడ్ కొమ్మ ఒకటి మెత్తబడింది.

అంతకుముందు చేసినవి

ఆమె ఊరికే కూర్చోలేదు. ఒక్కొక్కటీ ఆలోచించే చేశారు, కాబట్టి ఏది ఎందుకు పని చేయలేదో చూడాలి.

మొదట కుండీల అడుగున గులకరాళ్ళు పోశారు. మంచి ఉద్దేశమే. కానీ సన్నటి మిశ్రమంలో ఉన్న నీరు కింద ఉన్న రాళ్ళలోకి తేలిగ్గా దిగదు. సన్నటి రంధ్రాలు నీటిని పట్టుకుంటాయి. కింద పెద్ద ఖాళీలు ఉంటే ఆ హద్దు దగ్గరే నీరు ఆగిపోతుంది. పైమట్టి పూర్తిగా నానితే తప్ప కిందికి జారదు. అంటే రాళ్ళు పోసిన మేరకు తడి పొర వేళ్ళకు దగ్గరగా పైకి జరిగింది. రాళ్ళు లేకపోతే అదే పొర కుండీ అట్టడుగున ఉండేది.

తర్వాత విత్తనాల దుకాణంలో కార్బెండజిమ్ అనే శిలీంధ్రాల మందు పొడి ఇచ్చారు. కలిపి పోశారు. ఫలితం లేదు. వేరుకుళ్ళు తెచ్చేవాటిలో ఫ్యుజేరియమ్ లాంటి శిలీంధ్రాలూ ఉంటాయి, పితియమ్, ఫైటోఫ్తోరా లాంటి నీటి బూజులూ ఉంటాయి. ఈ రెండో రకం మీద కార్బెండజిమ్ పని చేయదు. ఈ కుండీల్లో ఉన్నది ఏదో ల్యాబులో పెట్టి చూస్తే తప్ప తేలదు. తేలినా చేయాల్సింది మారదు. వేళ్ళకు గాలి ఆడని చోట మందు పోయడమంటే ఆ తడికి ఇంకో గ్లాసు తడి చేర్చడమే.

మూడోది, నీళ్ళు తగ్గించి చెంచా లెక్కకు రావడం. అసలు చిక్కు ఇక్కడే మొదలైంది.

కుండీ విప్పి చూస్తే

ముందు కుండీలు ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి చూశాను. ఆకులు ముడతలు పడిన రెండు కుండీలూ బరువుగా ఉన్నాయి. పైమట్టి పొడిగా, బూడిదరంగులో ఉంది. చీపురుపుల్ల అడుగుదాకా గుచ్చి అయిదు నిమిషాలు ఆగి తీస్తే కింది సగం తడిసి నల్లబడి వచ్చింది.

ఆకు ముడతపడటానికి రెండు కారణాలుంటాయి. కుండీలో నీరు లేకపోవడం ఒకటి, నీరున్నా తాగే వేళ్ళు లేకపోవడం ఇంకొకటి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కుండీ తేలిగ్గా ఉండి ఆకు ముడతపడితే దాహం. కుండీ బరువుగా ఉండి ఆకు ముడతపడితే వేళ్ళు పోయినట్టు. ఈ తేడా తెలియకపోతే వేళ్ళు లేని మొక్కకు రోజూ నీళ్ళు పోస్తూనే ఉంటాం, అది వాడుతూనే ఉంటుంది.

ఆమె ఎదురుగానే ఒక మొక్కను కప్పులోంచి పెకలించాను. చుట్టూ ఉన్న ఇసక మట్టి రాలిపోయింది కానీ మధ్యలో నిమ్మకాయంత ముద్ద ఒకటి గట్టిగా మిగిలిపోయింది. నర్సరీలో నారు పెంచినప్పటి పీట్ ముద్ద అది. దాన్ని తీయకుండా అలాగే నాటేశారు. పిండితే నీరు కారింది. బురద కంపు కొట్టింది. వేళ్ళను రెండు వేళ్ళ మధ్య పట్టి లాగితే పైతోలు జారిపోయి లోపల దారంలాంటి పోగు మిగిలింది. ఆమె కాసేపు మాట్లాడలేదు. "పైన ఎండిపోయింది కదా అనుకున్నాను" అన్నారు.

చెంచాడు నీళ్ళ లోగుట్టు ఈ ముద్దలో ఉంది. వేసవిలో ఆమె పోసిన చెంచా నీళ్ళు పైపొరలోనే ఆవిరయ్యేవి. లోపలి పీట్ ఎముకలా ఎండింది. పీట్ ఒకసారి అలా ఎండితే నీటిని లోపలికి రానివ్వదు. సన్నటి పీచువేళ్ళు అప్పుడే చచ్చాయి. జూన్‌లో గాలి చెమ్మగిల్లాక అదే ముద్ద కొద్దికొద్దిగా నీరు పీల్చుకుని, ఇక వదల్లేదు. లోపల చచ్చిన వేళ్ళున్నాయి, తడి ఉంది, వెచ్చదనం ఉంది, గాలి లేదు. కుళ్ళు వానాకాలంలో బయటపడింది గానీ దానికి మేత వేసవిలోనే తయారైంది.

వానాకాలంలో ఆ తడి ఎందుకు ఆరదు అన్నదీ చూడాలి. సక్యులెంట్లు చాలావరకు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రిళ్ళు తెరుస్తాయి. అందుకే ఎడారిలో బతుకుతాయి. ఎచెవేరియా మెక్సికో కొండల మొక్క. అక్కడ రాత్రి చల్లగా ఉంటుంది. మన దగ్గర మృగశిర కార్తె నుంచి రాత్రిపూట కూడా ఉక్కపోతే. గాలి నిండా చెమ్మ ఉన్నప్పుడు మొక్క నీరు వదల్లేదు, వదలకపోతే కింద నుంచి లాగదు. బంతి మొక్కయితే కుండీలో నీటిని తానే తాగి ఖాళీ చేస్తుంది. ఎచెవేరియా కుండీ మాత్రం దానంతటది ఆవిరై ఆరాల్సిందే. పింగాణీ గోడలోంచి ఆవిరి పోదు.

మరి కలబంద, స్నేక్ ప్లాంటు ఎందుకు బాగున్నాయి? అవి పాత మట్టి కుండీల్లో, ఇటుక ముక్కలు కలిసిన గరుకు మట్టిలో ఉన్నాయి. అదే బాల్కనీ, అదే గాలి, అదే చెయ్యి. పాతుకున్న మొండి మొక్కలు అన్నదీ నిజమే కానీ, ముందు వెతకాల్సింది కుండీలో అని అవి నాకు చెప్పాయి.

ఎండ లెక్క

సాగిపోయిన మొక్క కథ వేరు. దానికి వెలుతురు చాలలేదు. ఆమెకు నమ్మకం కలగలేదు. "దక్షిణం వైపు కదా, చలికాలంలో హాల్లోకి దాకా ఎండొస్తుంది" అన్నారు. నిజమే, చలికాలంలో వస్తుంది. రాయగడ సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మూడో వారం నుంచి జూలై ఆఖరి వారం దాకా సూర్యుడు మనకు మధ్యాహ్నం వేళ కూడా నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. ఆ రోజుల్లో దక్షిణం గోడ మీద నేరుగా ఎండ పడదు. డిసెంబరులో హాలు దాకా వచ్చిన బాల్కనీ జూన్‌లో నీడ. దానికి వానాకాలం మబ్బు తోడు. అంటే మొక్కకు వెలుతురు అన్నిటికన్నా తక్కువ దొరికే రోజులూ, కుండీ అన్నిటికన్నా ఆలస్యంగా ఆరే రోజులూ ఒకేసారి వస్తున్నాయి. మన పట్టణాల్లో ఇళ్ళు చూసేటప్పుడు నేను బాల్కనీ దిక్కు అడిగి ఊరుకోను, ఏ నెలలో ఎండ ఎక్కడ పడుతుందని అడుగుతాను.

తీసుకున్న నిర్ణయాలు

మొదటిది, ఏది బతుకుతుంది, ఏది బతకదు. పారదర్శకంగా మారిన ఎచెవేరియా కాండాన్ని అడ్డంగా కోస్తే నడుమ గోధుమరంగు మచ్చ. ఇంకాస్త పైన కోశాను, ఇంకా ఉంది. మచ్చ ఆకుల మొదళ్ళ దాకా పాకింది. దాన్ని మట్టితో సహా పారేయమన్నాను. ఆమెకు మనసొప్పలేదు గానీ, ఆ మట్టి ఇంకో కుండీలో కలిస్తే నష్టం పెరుగుతుంది. ముడతపడిన రెండింటిలో మాత్రం పైకి కోసే కొద్దీ మచ్చ సన్నబడి, చివరికి కాండం లేత ఆకుపచ్చగా శుభ్రంగా కనిపించింది. ప్రతి కోతకూ కత్తిని సర్జికల్ స్పిరిట్‌తో తుడిచాను. తుడవకపోతే కుళ్ళును మనమే పైకి మోసుకెళ్ళినట్టు.

రెండోది, కోసిన తలలను, అంటే కుళ్ళు లేని పై భాగాలను, ఎలా ఆరబెట్టాలి. ఎండు వాతావరణంలో కోత నాలుగైదు రోజుల్లో పొర కడుతుంది. జూలైలో మన దగ్గర అలా జరగదు. బాల్కనీ నీడలో పెట్టిన రెండు తలల్లో ఒకదాని కోత మీద బూజు వచ్చింది. మళ్ళీ శుభ్రంగా కోసి, ఈసారి రెండూ హాల్లో జాలీ గిన్నె మీద బోర్లించకుండా నిలబెట్టి, సీలింగ్ ఫ్యాను కింద ఉంచాం. పగలు రాత్రి ఫ్యాను తిరిగింది. కోత తోలులా గట్టిపడ్డాకే పొడి గరుకు మిశ్రమం మీద కూర్చోబెట్టాం, వేళ్ళు వచ్చేదాకా నీళ్ళు లేవు. "వేళ్ళు లేకుండా ఎలా బతుకుతుంది బాబూ?" అని ఆమె భయం. ఆ లావాటి ఆకుల్లో ఉన్న నీరే దానికి వారాల తరబడి తిండి. రాలిన ఆకులతో కొత్త పిలకలు తీయాలని ఆమె ట్రే నింపారు. ఆ నెలల్లో ఒక్కటీ నిలవలేదు. ఆకు పిలకల పని కార్తీకం వచ్చాక పెట్టుకోవాలి.

మూడోది మిశ్రమం. సన్నటి ఏటి ఇసక కోకోపీట్ సందుల్లోకి దూరి ఉన్న గాలిని కూడా తోసేస్తుంది. కావాల్సింది గరుకు. ఇక్కడ పెర్లైట్, ప్యూమిస్ లాంటి తేలికపాటి రాతి పలుకులు తెప్పించుకోవడం ఖర్చు. ఇల్లు కట్టేచోట దొరికే సన్న కంకర చిప్స్, పగిలిన ఇటుక చాలు. ఇటుకను కొట్టి, దోమల మెష్‌లో జల్లించి పొడి పారబోశాం. ఆ పొడే సందుల్ని మూసేది, అందుకే జల్లించడం మానకూడదు. బఠాణీ గింజ కంటే చిన్నగా ఉన్న ముక్కలు ఉంచుకున్నాం. ఇటుక, చిప్స్ కలిపి మూడు వంతులు, బాగా మాగిన వర్మీకంపోస్టు ఒక వంతు. కోకోపీట్ అసలు వేయలేదు. ఎండు ప్రాంతంలో ఇది మరీ గరుకు అనిపించవచ్చు, మన వానలకు ఇదే సరి. హావర్థియాలను, జేడ్‌ను కూడా పెకలించి, నర్సరీ పీట్ ముద్దను వేళ్ళ మధ్య నుంచి పుల్లతో ఓపిగ్గా దువ్వి తీసేశాను. ఈ కేసులో అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకున్న పని ఇదే, అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చిందీ ఇదే అని నా నమ్మకం.

నాలుగోది కుండీ. పింగాణీ కప్పులు కూతురు ఇష్టపడి పంపినవి, తీసేయమంటే ఆమె నొచ్చుకున్నారు. కుమ్మరి దగ్గర చిన్న పిడతలు తెచ్చి, నీటిలో నానబెట్టి, అడుగున డ్రిల్లుతో కన్నం పెట్టించాం. మొక్క పిడతలో, పిడత కప్పులో. నీళ్ళు పోసేరోజు పిడతను బయటికి తీసి పోసి, పూర్తిగా కారాక తిరిగి కప్పులో పెట్టాలి. వానాకాలం నాలుగు నెలలూ కప్పు అలమరలోనే. ఆమె దీనికి సంతోషంగా ఒప్పుకున్నారు. ఇంటివాళ్ళకు నచ్చని సలహా రెండు వారాలకంటే నిలవదు.

అయిదోది చోటు. వానాకాలంలో మొక్కలన్నీ తూర్పు పడకగది కిటికీకి మారాయి. పొద్దుటి వెలుతురు, పైన వాన పడదు, రోజూ ఫ్యాను గాలి.

నీళ్ళు మళ్ళీ నేర్చుకోవడం

నన్ను బాగా శ్రమ పెట్టింది మొక్కలు కాదు, ఆ చెంచా. వేళ్ళు పట్టిన తర్వాత ఒక గ్లాసు నీళ్ళు పూర్తిగా, కిందనుంచి కారేదాకా పోయమంటే ఆమె చెయ్యి రాలేదు. "ఇన్నా! కుళ్ళిపోవూ?" అన్నారు. ముద్ద తీసేసి, మిశ్రమం గరుకుగా చేశాక నీరు నిలవదు, ప్రతి వేరుకూ ఒకసారి అంది వెళ్ళిపోతుంది, దాని వెనకే గాలి లోపలికి దిగుతుంది అని చెప్పి, నేనే పోసి చూపించాను. అరనిమిషంలో కారిపోయింది.

రోజుల లెక్క ఆమె అడిగారు, నేను ఇవ్వలేదు. అదే పిడత సెప్టెంబరులో ఆరడానికి రెండు వారాలు దాటుతుంది, డిసెంబరులో వారం, మే నెలలో రెండు మూడు రోజులు. దేన్ని చెప్పను? దానికి బదులు వంటింటి తూకం వాడాం. పూర్తిగా ఎండిన పిడతను మొక్కతో సహా తూచి, ఆ బరువు సుద్దముక్కతో పిడత మీద రాసుకున్నారు. బరువు ఆ అంకెకు దిగాకే నీళ్ళు. దిగాక కూడా ఆకు గట్టిగా ఉంటే ఇంకో రెండ్రోజులు ఆగవచ్చు. కొన్ని నెలలకు తూకం అవసరం పోయింది, ఎత్తితే చేతికే తెలిసిపోతోంది.

దసరాకు వానలు వెళ్ళిపోయినట్టుంటే ఆమె కుండీలు బాల్కనీకి మార్చబోయారు. నేను ఆగమన్నాను. మన తీరంలో అక్టోబరు తుపానుల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ అక్టోబరులోనే వచ్చాయి. స్వాతి కార్తె దాటాక మార్చుకుంటే నిశ్చింత. ఎండలోకి కూడా ఒక్కసారిగా కాదు. ముందు పొద్దుటి రెండు గంటలు, వారం తర్వాత ఇంకాస్త. కిటికీ దగ్గర పెరిగిన ఆకును ఒక్కరోజులో మధ్యాహ్నపు ఎండలో పెడితే మచ్చలు పడతాయి, ఆ మచ్చ ఆ ఆకు బతికినన్నాళ్ళూ పోదు.

మధ్యలో వచ్చిన పిండినల్లి

ఫిబ్రవరిలో జేడ్ కుండీ మీద చీమలు తిరుగుతున్నాయని కబురు పెట్టారు. చీమల వెంట పిండినల్లి ఉంటుంది. ఆకుల సందుల్లో దూదిలాంటి తెల్లటి మచ్చలు. స్పిరిట్‌లో ముంచిన దూది పుల్లతో ఒక్కొక్కటీ తుడిచి, వారానికోసారి చొప్పున చూసుకుంటూ మళ్ళీ తుడవడం. ఆ కుండీని వేరుగా పెట్టారు. మందు కొట్టే అవసరం రాలేదు.

వేసవిలో బాల్కనీకి సగం ఎండ ఆపే గ్రీన్ నెట్ కట్టారు. నీళ్ళు పొద్దుపోయాకే పోశారు. మిట్టమధ్యాహ్నం కాగిన కుండీలో నీళ్ళు పోస్తే వేళ్ళు ఉడుకుతాయి. ఎచెవేరియాలు ఏప్రిల్, మే నెలల్లో పెరుగుదల ఆపేశాయి. ఆ రోజుల్లో ఎరువు వద్దన్నాను, నీళ్ళు మాత్రం పూర్తిగా మానవద్దన్నాను. మానితే పీచువేళ్ళు పోయి మళ్ళీ జూన్ కథే.

మరుసటి వానాకాలం

కోసి నాటిన రెండు ఎచెవేరియాలూ వానలు దాటాయి. సాగిపోయిన మూడోదాన్ని వానల ముందే తలకోసి నాటితే అదీ నిలిచింది. జేడ్ పోయిన కొమ్మ పక్కన కొత్త కొమ్మ వేసింది. హావర్థియా ఒకటి పిలక పెట్టింది. గ్రాప్టోపెటలమ్ మాత్రం ఆగస్టులో రెండు రోజుల్లో కుప్పకూలింది. కుండీ తేలిగ్గానే ఉంది, కాండం అడుగు నల్లబడింది. ఉక్కలో కొన్ని అలా పోతుంటాయి.

ఇక్కడ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఎచెవేరియా మొదటి మొక్క కాకూడదని ఈ కేసు తర్వాత మరింత గట్టిగా చెబుతున్నాను. అందంగా ఉంటుంది, ముందు అదే అమ్ముడుపోతుంది, ముందు అదే చస్తుంది. మొదటి ఏడాది హావర్థియా, గాస్టీరియా, స్నేక్ ప్లాంటు, ఎండ బాగా ఉంటే ఎడారి గులాబీ పెంచి, ఒక వానాకాలం దాటించి చెయ్యి తిరిగాక ఎచెవేరియా తెచ్చుకోవచ్చు. మన గోడల మీద రణపాల, కంచెల మీద నల్లేరు, తూర్పు కనుమల రాతివాలుల్లో జెముడు కూడా సక్యులెంట్లే. ఏటా కుండపోత వానలు తట్టుకుంటున్నాయి. ఆ రాళ్ళ సందుల్లో నీరు నిలవదు, గాలి ఆగదు. మనం పిడతలో చేయాల్సింది అదే ఏర్పాటు.

ఒక్క చిక్కు మిగిలింది. తూర్పు కిటికీ వెలుతురు వానాకాలానికి బొటాబొటిగానే ఉంది. ఎచెవేరియాలు మళ్ళీ కొద్దిగా సాగుతున్నాయి. ఆ ఇంటికి ఉత్తరం వైపు వంటింటి బయట చిన్న గట్టు ఉంది, పైన రేకు ఉంది. మే మూడో వారం నుంచి జూలై చివరిదాకా ఎండ పడేది అటే. వచ్చే ఏడాది ఆ పది వారాలు మొక్కలను అక్కడ ఉంచి, వాన జల్లు కొట్టే రోజుల్లో మాత్రం లోపలికి తెచ్చుకోవాలని అనుకున్నాం.